కోడలు పెంచిన బూజు

ఆ ఉదయం కోడలు వేసుకున్న పథకం చాలా చిన్నది. ఎనిమిదింటికి షూ స్టాండు అడుగు అరలోంచి ప్లాస్టిక్ డబ్బా తీయాలి. పదింటికి లాప్‌టాప్ ముందు కూర్చుని, అందులోని బూజు పట్టిన బ్రెడ్డు ముక్కను ఎగ్జామినర్‌కు చూపించాలి. పదకొండుకల్లా ఎమ్మెస్సీ మూడో సెమిస్టరు గట్టెక్కాలి. మహమ్మారి పుణ్యమా అని ల్యాబుకు తాళం పడింది కాబట్టి, యూనివర్సిటీవారు మైక్రోబయాలజీ ప్రాక్టికల్‌ను ఇళ్లకే పంపేశారు. పది రోజులపాటు ఎవరి బూజు వాళ్లే పెంచుకోవాలి. చూపించలేకపోతే ఏడాది పోయినట్టే. పెళ్లయిన ఆరేళ్లకు మళ్లీ పుస్తకం పట్టిన మనిషి, ఇంకో ఏడాది కావాలని ఇంట్లో ఏ మొహంతో అడుగుతుంది?

బూజు షూ స్టాండులో ఎందుకు కాపురం పెట్టిందంటే, ఇంట్లో అత్తగారున్నారు. ఆవిడ ముప్పై ఏళ్లు ఆపరేషన్ థియేటర్‌లో హెడ్ నర్సుగా చేసి రిటైరయ్యారు. మామూలు రోజుల్లోనే తలుపు గొళ్లేలకు స్నానం చేయించే మనిషి. ఇక వైరస్ వచ్చాక చెప్పాలా? వీధిలో వాళ్లు ఆవిడను చాటుగా ఫినాయిలమ్మ అంటారు. ఆవిడ దగ్గరికి వెళ్లి ఇంట్లో బూజు పెంచుతానని చెప్పే ధైర్యం కోడలికే కాదు, ఆవిడ కన్న కొడుక్కీ లేదు.

ఎనిమిదింటికి చూస్తే డబ్బా అరలో లేదు. వంటింట్లో గిన్నెల బుట్టలో తళతళలాడుతూ బోర్లించి ఉంది.

అప్పటికే హాల్లో విచారణ నడుస్తోంది. ముద్దాయి మామగారు. ఆయన రిటైరైన డ్రాయింగు మాస్టారు, పైగా షుగరు మనిషి. షూ స్టాండులో బ్రెడ్డు దొరికిందంటే ఆయనే దొంగచాటుగా తింటున్నారని అత్తగారు తేల్చేశారు. ఆ ముక్క మీద అర సీసా ఫినాయిలు పోసి, ఆయన చేతే చెత్తబండిలో వేయించారు. పాపం మామగారికి బ్రెడ్డు సంగతే తెలియదు. ఏ నేరానికి దొరికిపోయారో అర్థంకాని కంగారులో, రంగుల పెట్టెలో దాచుకున్న బిస్కెట్ల సంగతి ఒప్పేసుకున్నారు. దాంతో అవీ పోయాయి.

అత్తగారు స్నానానికి వెళ్లగానే కోడలు మామగారి దగ్గర అసలు విషయం చెప్పి బావురుమంది. రోజుకొకటి చొప్పున ఫోనులో తీసిన బూజు ఫొటోలు చూపించింది. మామగారు వాటిని తిప్పి తిప్పి చూసి, కళ్లజోడు తుడుచుకున్నారు.

"ఏడవకమ్మా. ఒక కొత్త బ్రెడ్డు ముక్క పట్రా. సన్న బ్రష్షు నా దగ్గరే ఉంది."

తప్పని కోడలికి తెలుసు. గడియారం తొమ్మిది చూపిస్తోందనీ తెలుసు. ముక్క తెచ్చి ఇచ్చింది. ముప్పావుగంటలో మామగారు అసలు బూజు సిగ్గుపడే బూజు వేశారు. అంచుల్లో వెలుగునీడలు కూడా దిద్దారు.

ఎగ్జామినర్ పెద్దాయన తెరకు ముక్కు ఆనించి చూశారు. తన సర్వీసులో ఇంత అందమైన బూజు చూడలేదని మెచ్చుకున్నారు. తలుపు చాటున మామగారు పొంగిపోయారు. మెచ్చుకున్న పెద్దమనిషి అంతటితో ఊరుకోకుండా, ఒక నీటి చుక్క వేసి సూదితో కొంచెం లేపమన్నారు. చుక్క పడింది. బూజు ఆకుపచ్చగా కరిగి బల్ల మీదికి కారింది. తెర మీదున్న ఇరవైమంది తోటి విద్యార్థుల మొహాలూ ఒక్కసారిగా ముందుకు వంగాయి.

"సార్, ఇది రంగు," అంది కోడలు. "పది రోజులు పెంచింది పొద్దున పోయింది. ఫొటోలున్నాయి. కానీ మోసం చేయాలని చూశాను. తప్పు నాదే."

ఫొటోలు చెల్లవన్నారు ఎగ్జామినర్. పదకొండులోగా ఆ ఇంట్లో పెరిగినదేదైనా చూపించి వివరిస్తే సరే, లేకపోతే వచ్చే ఏడాదే అన్నారు. పదకొండుకు ఇరవై నిమిషాలుంది. కోడలి కళ్లనిండా నీళ్లు.

గుమ్మంలో మాస్కుతో, తుడుపు కర్రతో నిలబడి అత్తగారు అంతా విన్నారు. కోడలి వంక చూశారు, మామగారి చేతికంటిన ఆకుపచ్చ రంగు చూశారు. కర్ర గోడకు ఆనించి లోపలికి వెళ్లి, మందుల అలమారా పై అరలో చేయి పెట్టి, గుడ్డ చుట్టిన సీసా ఒకటి తెచ్చి బల్ల మీద పెట్టారు. అది జాము సీసా. లోపల దూదిలాంటి తెల్లటి అంచు, మధ్యలో ముదురాకుపచ్చ. బూజు పట్టిందని నాలుగు రోజుల కిందటే చూసినా, పారేద్దామంటే చెత్తబుట్ట మామగారి చేతుల మీదుగా వెళుతుందని సిగ్గుపడి దాచిపెట్టారు.

"సార్, ముప్పై ఏళ్లు థియేటర్‌లో ఒక్క క్రిమిని బతకనివ్వలేదు నేను," అన్నారు అత్తగారు కెమెరాలోకి చూస్తూ. "ఇది నా అలమారాలోనే పెరిగింది. ఈ పిల్ల కష్టపడి పెంచుకున్నదాన్ని పారేసిందీ నేనే. చూసుకోండి."

కోడలు మాస్కు పెట్టుకుని మూత తీసింది. ఆ పోగులేమిటో, ఆ పచ్చదనం ఎక్కడిదో, తీపి మీద ఇది ఎందుకింత బాగా పెరుగుతుందో పావుగంట తడబడకుండా చెప్పింది. ఎగ్జామినర్ రంగు వేసినందుకు ఐదు మార్కులు కోసి, మిగతావి ఇచ్చి పాస్ చేశారు. కోడలు లాప్‌టాప్ మూసి అత్తగారిని గట్టిగా పట్టుకుంది. ఆవిడ దూరం పాటించమని కూడా అనలేదు.

మామగారు మాత్రం సీసానే చూస్తున్నారు.

"ఇంతకీ ఈ జాము ఎవరి కోసం దాచావు?"

అత్తగారు సీసాకు గబగబా గుడ్డ చుట్టేసి, తుడుపు కర్ర అందుకున్నారు. బిస్కెట్లు ఆ సాయంత్రానికి రంగుల పెట్టెలోకి తిరిగొచ్చాయి, రోజుకు ఒకటే అన్న షరతు మీద.

నాలుగో సెమిస్టరు బూజు ఇప్పుడు మందుల అలమారా పై అరలో పెరుగుతోంది. దాని పక్కన అత్తగారి గుండ్రటి దస్తూరీలో ఒక చార్టు వేలాడుతోంది. నిన్నటి తేదీ కింద, పేషెంటు కులాసాగా ఉన్నట్టు రాసి ఉంది.