మొదటి పేజీ చదివినందుకు

ఆ ఆదివారం పొద్దున నటరాజన్ పెట్టుకున్న పని ఒక్కటే: పదేళ్ల కూతురు ఇంద్రాణికి కథల పుస్తకం చదివి వినిపించడం. ఇంద్రాణికి నత్తి. మర్నాడు తరగతిలో తొలిసారి పాఠం చదవాలి. ఆ పిల్ల నోరు తెరిస్తే చాలు, మిగతా మాట పక్కవాళ్లే పూర్తిచేసేవారు. తన వాక్యం తాను ముగించి రెండేళ్లయింది. అందుకే కేశవన్ మాస్టరు నత్తి ఉన్న పోస్టుమాను కథ ఒకటి ఇచ్చి, "మీరొక పేజీ, పాపొక పేజీ. ఆ పోస్టుమాను మాట్లాడినట్టే చదవండి, ఎగతాళి లేకుండా," అన్నాడు.

నటరాజన్ తాలూకాఫీసు గుమాస్తా. చెప్పింది చెప్పినట్టు చేసే మనిషి. "ఉ... ఉ... ఉత్తరమొచ్చింది!" అని వీధికంతా వినిపించేలా చదివాడు.

పక్కింటి గోవిందమ్మ గోడ అవతల నుంచి విన్నది. మాట తడబడితే వాళ్ల ఊరు తిరుత్తణిలో మందు ఒకటే, వసకొమ్ము. దీపం మీద కాల్చి, అరగదీసి, గిన్నెతో సహా వచ్చేసింది.

"అయ్యో పావం! బిడ్డది నీకూ అంటుకునిందా నాయనా? నాలిక చాపు!"

"అది కాదత్తా, పుస్త..." అంటూ నోరు తెరవడమే తప్పయింది. పూత నాలుకంతా పడింది. ఆ ఘాటుకు, "అ... అ... అత్తా!" అన్నాడు.

"చూసినారా, ముదిరిపోయినాది!" అని గోవిందమ్మ వీధికి వినిపించేలా అరిచింది.

ఇంకో ఇద్దరు ఆడవాళ్లు తమ వస తెచ్చారు. నటరాజన్ నాలుక మొద్దుబారి మాట తిరగలేదు. ఇంద్రాణి పుస్తకం చూపిస్తూ, "అ... అ... అది..." అంది.

"నువ్వుండు తల్లీ, నీకెందుకు శ్రమ," అంది గోవిందమ్మ.

ఎదురింటి ధనకోటి, "మందుతో ఆగేది కాదిది. గుండు మొక్కుకుందాం, నడువన్నా," అని నటరాజన్‌ని చెయ్యి పట్టి కొండమీది గుడికి లాక్కుపోయాడు. వీధి వీధంతా వాళ్ల వెంట నడిచింది.

అక్కడి మంగలి వరదన్ నడినెత్తి దాకా గీసి, "యాల సామీ ఈ మొక్కు?" అని అడిగాడు. పుస్తకం పట్టుకుని మెట్లన్నీ పరుగెత్తుకొచ్చిన ఇంద్రాణి, జుట్టు మిగిలిన చోట చెయ్యి అడ్డం పెట్టింది.

"మ... మా నాయనకి... ఏ... ఏమీ లేదు. ఆయప్ప..."

గోవిందమ్మ అలవాటు ప్రకారం ఆ మాట పూర్తిచేయబోయింది. కానీ తర్వాత ఏమొస్తుందో ఈసారి ఆమెకే తెలియదు. నోరు మూసుకుంది. అందరూ కాచుకున్నారు.

"క... క... కత సదివినాడు."

"ఏం కత పాపా?" అన్నాడు వరదన్, కత్తి ఆపి.

ఇంద్రాణి పుస్తకం తెరిచింది. రెండో పేజీ ఆమెదే. ఆమె మాట ఆగిన చోటల్లా అందరూ ఆగారు. మూడో పేజీ నాయన వంతు. ఆయన నాలుక ఇంకా తిరగలేదు కనుక అదీ తనే చదివింది. నటరాజన్ కళ్లలో నీళ్లు తిరిగాయి. అది వస ఘాటు కాదు.

కథ సగంలో ఆపడానికి జనం ఒప్పుకోలేదు. గుండు సగంలో ఆపడానికి వరదన్ ఒప్పుకోలేదు.