ఒంటరిగా ఆడిన నలుగురి ఆట

ఆడకుండానే మార్కులేసే విమర్శకుడు సమాజానికి వరం! కాదనేవాళ్ళు చేతులెత్తండి. ఎత్తారా? ఇక దించండి, పనుంది.

ఒక వెబ్‌సైటులో వీడియో గేములకు రివ్యూలు రాయడం నా వృత్తి. పదకొండేళ్ళ అనుభవంతో చెబుతున్నాను, గేము పూర్తిగా ఆడినవాడు నిష్పక్షపాతంగా రాయలేడు. ఆడితే ఇష్టం పుడుతుంది. ఇష్టం పుట్టాక ఇంకేం న్యాయం, నా మొహం!

మొన్నామధ్య ఒక గేము వచ్చింది. నలుగురు ఒకే తాడు నడుముకు కట్టుకుని గుహలోకి దిగాలి. రాక్షస పురుగులు మీద పడతాయి. ఒకరు జారితే మిగతా ముగ్గురూ పైకి లాగాలి. నలుగురూ చస్తే కథ మళ్ళీ మొదటికే, పైగా ఈసారి గుహలో దారులన్నీ మారిపోయి ఉంటాయి. దీనికి నలుగురు మనుషులు, ఒక సోఫా కావాలి.

మా ఆఫీసులో సోఫా ఉంది. మనుషులూ ఉన్నారు, కానీ చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని ఎవరికి వారే యమునా తీరే! ఓ ముగ్గుర్ని ఇప్పించమని ఎడిటర్‌ని అడిగాను.

"నలుగురూ దీని మీదే కూర్చుంటే మిగతా రివ్యూలు మీ తాతొచ్చి రాస్తాడా? ఒక్కడివే ఆడు. గంటలో రివ్యూ కావాలి," అన్నాడు. ఎంత దూరదృష్టి!

ఒక్కడినే ఆడాను. మిగతా ముగ్గురినీ కంప్యూటరే నడిపింది. ఇరవై నిమిషాల్లో ఆరుసార్లు చచ్చి, మిగిలిన నలభై నిమిషాల్లో రివ్యూ రాసేశాను. "ఆటంతా ఏదో ఒంటరితనం వెంటాడుతుంది" అన్న వాక్యాన్ని మా ఎడిటర్ తెగ మెచ్చుకున్నాడు. పదికి అయిదు వేశాను.

మర్నాటికి మిగతా సైట్లన్నిట్లోనూ ఒంటరితనమే! గేములో ఏడు ఆయుధాలుంటే తొందరలో నేను అయిదని రాశాను. వాళ్ళకీ అయిదే కనబడ్డాయి. ఇంతటి ఏకాభిప్రాయం ఏ పార్లమెంటులోనైనా చూశారా? పాఠకుడికి ఎంత హాయి! ఒక రివ్యూ చదివితే పదీ చదివినట్టే.

ఒక్కటే చిన్న ఇబ్బంది. ఆ గేము చేసింది మా మేనకోడలు. జిరాక్స్ షాపు పైన అద్దె గదిలో, ముగ్గురు స్నేహితులతో కలిసి మూడేళ్ళు రెక్కలు ముక్కలు చేసుకుంది. సగటు మార్కులు ఏడు దాటితే రెండో భాగం, దాటకపోతే ఎవరి దారి వాళ్ళు చూసుకోండి అని డబ్బు పెట్టిన పబ్లిషర్ ముందే చెప్పాడట. సగటు అయిదు దగ్గర ఆగింది. బంధుప్రీతి చూపనందుకు నా వీపు నేనే తట్టుకున్నాను.

శనివారం వాళ్ళు గది ఖాళీ చేస్తుంటే సామాను మోయడానికి వెళ్ళాను. ఎంతైనా మేనమామని కదా! నలుగురిలో సౌండ్ చూసుకునే అమ్మాయి అప్పటికే వేరే ఉద్యోగంలో చేరిపోయింది. టీవీ ఒక్కటే ఇంకా విప్పలేదు.

"మావయ్యా, ఒక మనిషి తక్కువయ్యాం. ఒక్కాట కూర్చో," అంది మేనకోడలు.

"నాకు రాదే."

"తెలుసులే. నీ రివ్యూ చదివాంగా," అంది. మిగతా ఇద్దరూ పగలబడి నవ్వారు.

కూర్చున్నాను. మొదటి గోతిలోనే జారాను. "లాగండ్రా, మావయ్య పోతున్నాడు!" అని ముగ్గురూ ఒకటే కేకలు. మళ్ళీ జారాను, మళ్ళీ లాగారు. చివరికి నలుగురం చచ్చి, మళ్ళీ మొదలెట్టాం. తల తిప్పి చూసేసరికి మధ్యాహ్నం దాటిపోయింది, అరిచి అరిచి నా గొంతు పోయింది. ఇంతలా నవ్వి ఎన్నేళ్ళయిందో! చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది.

కంట్రోలర్లు అట్టపెట్టెలో సర్దుతూ మేనకోడలు అడిగింది, "ఇప్పుడైతే ఎంతేస్తావు మావయ్యా?"

"తొమ్మిది."

"మరి మార్చొచ్చుగా?"

ఒకసారి వేసిన మార్కులు మార్చకూడదన్నది మా సైటు నియమం. ఎంత గొప్ప నియమమో ఆలోచించండి! మార్చుకుంటూ పోతే, విమర్శకులు కూడా తప్పు చేస్తారని జనానికి తెలిసిపోదూ? అదంతా దానికి ఓపిగ్గా వివరించాను.

అంతా విని, పెట్టెకు టేపు అంటించింది. "ఒక్కడివే ఎత్తకు మావయ్యా, నడుం పట్టేస్తుంది," అంటూ రెండో వైపు తను పట్టుకుంది.