వైరస్‌కు తెలియజేయడమేమనగా

ఒమాన్‌లోని అల్ అమెరాత్ తెలుగు కుటుంబాల సంఘం శుక్రవారం నాడు సమావేశమై, తమ ఆడపిల్లలకు ఆ వైరస్ రాదని ఏకగ్రీవంగా తీర్మానించింది. తీర్మానం ప్రతిని వైరస్‌కు ఎలా అందజేయాలన్నది కార్యవర్గానికి వదిలేశారు.

సమావేశం భూమేశ్ టైల్స్ దుకాణం వెనక గోదాములో జరిగింది. వచ్చినవాళ్లు పద్నాలుగు మంది, అందరూ తండ్రులే. విషయం ఆడపిల్లలది కాబట్టి ఆడవాళ్లను పిలవలేదు. దీనంతటికీ కారణం బడి నుంచి వచ్చిన ఒక కాగితం. పెద్దయ్యాక గర్భాశయ ముఖద్వారానికి వచ్చే క్యాన్సర్‌ను అడ్డుకునే టీకా ఉంది, చిన్న వయసులో వేయిస్తే మంచిది, ఇష్టమైనవారు క్లినిక్‌కు వెళ్లవచ్చు అని అందులో రాశారు. అంతవరకు ఎవరికీ అభ్యంతరం లేదు. అయితే ఆ జబ్బు తెచ్చే వైరస్ మనిషి నుంచి మనిషికి ఏ దారిన వస్తుందో కూడా రాశారు. సరిగ్గా ఆ వాక్యం దగ్గర పద్నాలుగు ఇళ్లలో కాగితం మడత పడింది.

అధ్యక్షుడు ఇస్తారి అల్యూమినియం కిటికీలు చేయిస్తాడు. ఆయన లేచి గొంతు సవరించుకున్నాడు.

"గీ టీకా ఏపిచ్చుడంటె తప్పు చెయ్యిమని లైసెన్సు ఇచ్చినట్టే! మన పిల్లలు నిప్పు! నిప్పుకు టీకా ఎందుకు?"

చప్పట్లు మోగాయి. గోదాము గోడకు తగిలించిన మంటలార్పే సిలిండరు కూడా శ్రద్ధగా విన్నది.

ప్రత్యేక ఆహ్వానితురాలు కృపాబాయి గుంటూరు వైపు నుంచి వచ్చిన నర్సు. నర్సు కాబట్టి ఆమెను ఆడవాళ్ల లెక్కలో వేయలేదు. ఒక శాలువా, రెండు నిమిషాలు ఇచ్చారు. "పిల్లలు తప్పు చేస్తారని కాదండీ," అందామె. "బుద్ధిగా పెళ్లి చేసుకున్నా మొగుడి దగ్గర్నుంచే రావచ్చు. తనకున్నట్టు ఆయనకే తెలీదండీ."

పద్నాలుగు మంది మగవాళ్లూ ఒక్కసారిగా టైల్స్ నాణ్యతను పరిశీలించడం మొదలుపెట్టారు.

"అది మన ఎజెండాల లేదు తమ్మీ, రాయకు," అని ఇస్తారి కార్యదర్శి సురేందర్‌ను ఆపాడు.

సురేందర్ కన్‌స్ట్రక్షన్ కంపెనీలో ఫోర్‌మన్. అతనికి రెండు గుణాలున్నాయి: చేతిరాత గుండ్రంగా ఉంటుంది, రాసినదాన్ని నమ్ముతాడు. కార్యదర్శికి మొదటిది చాలు. తీర్మానం కింద భూమేశ్ మూడో సంతకం పెట్టాడు. పరువు కూడా టైల్ లాంటిదేనని అతని అనుభవం. ఒకటి పగిలితే అదే రంగు మళ్లీ దొరకదు.

ఇంటికి వెళ్లి గొప్పగా చెప్పుకుంటే, విజిట్ వీసా మీద వచ్చిన తల్లి కమలవ్వ పల్లీలు వొలుస్తూ విన్నది.

"బర్రెకు గాలికుంటు టీకా ఏపిచ్చినం గద కొడుకా. అది ఎవలెంబడి తిరుగుతదో అడిగినవా అప్పుడు?"

భూమేశ్‌కు తన దుకాణం గుర్తొచ్చింది. బాత్రూములో టైల్స్ పరిచే ముందే వాటర్‌ప్రూఫింగ్ పూత వేయించమని పదిహేనేళ్లుగా గిరాకీలకు చెబుతున్నవాడు అతనే. 'మా బాత్రూము కారదు' అని నవ్వినవాళ్లే ఆర్నెల్లకు వచ్చి రెండింతల సామాను కొన్నారు. పదమూడేళ్ల కూతురు సింధూజ వైపు చూశాడు. లెక్క తేలిపోయింది. టీకా వేయించాలి, అయితే ఇక్కడ కాదు. గంటన్నర దూరంలో ఇబ్రా ఉంది. అక్కడ తనను ఎరిగినవాడు లేడు. టీకాకు టీకా, పరువుకు పరువు.

ఈ సంగతి భార్యకు మెల్లగా చెబితే, అక్కడే అపాయింట్‌మెంటు వారం కిందే తీసుకున్నానని ఆమె అన్నది.

శనివారం పొద్దున ఇబ్రా క్లినిక్‌లో కౌంటరు దగ్గర కూర్చున్న జైనబీ తల ఎత్తకుండానే అడిగింది: "అమెరాత్ బ్యాచా? బైఠియే. ఆప్ గ్యారా నంబర్." అప్పటికే పది మంది వచ్చి ఉన్నారు.

లోపల కుర్చీలో ఇస్తారి ఉన్నాడు, ఇద్దరు కూతుళ్లతో.

"పన్ను నొస్తుండె," అన్నాడు ఇస్తారి దవడ పట్టుకొని.

"బేసిన్లు డెలివరీ ఉండె," అన్నాడు భూమేశ్.

మిగతా సభ్యులు కూడా తలా ఒక కారణం చెప్పారు. ఆడవాళ్లు మాత్రం ఏ కారణమూ చెప్పలేదు. చెగోడీల డబ్బా తిప్పుకుంటూ కూర్చున్నారు. కోరం ఉందని గమనించిన అధ్యక్షుడు అక్కడికక్కడే సమావేశం జరిపి, ఎవరూ ఎవరినీ చూడలేదని తీర్మానం చేయించాడు. పిల్లలు ఎవరి భుజం ఎక్కువ నొచ్చిందో పందెం వేసుకుంటున్నారు.

"బాపూ, వాణి రాలేదు," అన్నది సింధూజ.

వాణి సురేందర్ కూతురు, బడిలో సింధూజ పక్కన కూర్చుంటుంది.

"వాళ్లమ్మ అడిగితే వాళ్ల బాపు తీర్మానం చూపిచ్చిండట. పెద్దమనుషులందరు సంతకం పెట్టిన్రు, మాట తప్పద్దన్నడట."

తన ఇంటికి తీసుకుపోని సరుకును భూమేశ్ ఇంతవరకు ఎవరికీ అంటగట్టలేదు. మొదటిసారి అంటగట్టాడు, అదీ నమ్మినవాడికి. మెట్ల మీదికి వచ్చి సురేందర్‌కు ఫోన్ చేశాడు.

"తమ్మీ, పొల్లను తీస్కొని ఇబ్రా పో. మేమందరం ఈడనే ఉన్నం."

అవతల సురేందర్ తీర్మానం కాగితం విప్పుతున్న చప్పుడు వినిపించింది.

"మరి సంతకం, అన్నా?"

"సంతకానికి క్యాన్సర్ రాదురా. పొల్లకొస్తది."

మరుసటి శనివారం సురేందర్ వాణికి టీకా వేయించాడు. అతనికి దాచడం రాదు. 'తీర్మానం తప్పినాను, పెద్దలు క్షమించగలరు' అని గ్రూపులో పెట్టాడు. సంఘం అత్యవసరంగా సమావేశమై, నమ్మకద్రోహానికి గాను అతన్ని ఏకగ్రీవంగా మందలించింది. మందలింపు కాగితాన్ని కూడా గుండ్రటి చేతిరాతతో సురేందరే రాశాడు. భూమేశ్ అందరికీ చాయ్ తెప్పించి మూడో సంతకం పెట్టాడు. సంతకం పాతదానితో కలిసింది.

ఆరు నెలలకు రెండో డోసు ఉంది. సంఘం ఇబ్రాకు విహారయాత్ర ప్రకటించింది. ఆడపిల్లలు తప్పనిసరి, పొట్టి చేతుల బట్టలు వేసుకోవాలి. బస్సులో ముందు సీటు సురేందర్‌కు ఇచ్చారు. ఆ దారి తెలిసినవాడు మనలో అతనొక్కడేనని ఇస్తారి మైకులో చెబితే, తండ్రులందరూ అవునని తలలూపారు.

వెనక నాలుగు సీట్లు ఖాళీగా ఉన్నాయి. మీరూ రావచ్చు. విహారయాత్రకనే రాసుకుంటాం.