మూడు ఫ్యాన్ల మహిమ

ఇకపై శ్రీకాకుళం యువత గేములు ఆడడమే కాదు, తయారు కూడా చేస్తుందని మంత్రిగారు ప్రకటించారు. వెంటనే, కంప్యూటర్లో గేము బొమ్మల్ని నడిపించే గ్రాఫిక్స్ కార్డుల్లో పదివేల లోపు మేలైనదేదో తేల్చడానికి ఒక కమిటీ పుట్టింది. అధ్యక్షుడు అసిస్టెంట్ డైరెక్టరు నగరేశ్వరరావుగారు. అంతకుముందు జిల్లాకు కుట్టుమిషన్లు, వరి విత్తనాలు, చేపల వలలు ఆయనే ఎంపిక చేశారు కనుక అనుభవానికి కొదవలేదు. సాంకేతిక సభ్యుడు, నరసన్నపేటలో సీలింగ్ ఫ్యాన్లమ్మే నరసింగరావుగారు.

పరీక్షలు చేయాల్సింది మాత్రం ఆ కార్డులు వెళ్ళాల్సిన కంప్యూటరు శిక్షణ కేంద్రంలో కాంట్రాక్టు మీద పనిచేసే అనూరాధ. కోటబొమ్మాళి నుంచి రోజూ రైల్లో వచ్చే ఈమె కాంట్రాక్టు ఆ నెలాఖరుకు అయిపోతుంది. పొడిగించే సంతకం నగరేశ్వరరావుగారిది. ఆమె పోటీకొచ్చిన రెండు కార్డుల మీదా ఒకే గేము ఆడించి చూసింది. ఒంటి ఫ్యాను చిన్న కార్డు సెకనుకు అరవై ఫ్రేములు చూపించి గేమును సాఫీగా నడిపింది. మూడు ఫ్యాన్ల పెద్ద కార్డు ఇరవై దగ్గరే ఆయాసపడింది. ధర మాత్రం పెద్దదానిదే ఎక్కువ.

కమిటీవారు ఆమె రిపోర్టు పక్కన పెట్టి, కార్డుల్ని ఒక్కొక్కటే అరచేతిలో పెట్టుకుని తూచారు.

"ఇది బరువున్నాది," అన్నారు నగరేశ్వరరావుగారు.

"పైగా మూడు ఫేన్లండి. మన ఎండలకి ఒక్క ఫేను ఏ మూలకొస్తాది?" అన్నారు సాంకేతిక సభ్యులు.

"సార్, ఫేను సల్లబరచడానికే. పని చేసేది లోపలి చిప్పు. పెద్దదాన్లో చిప్పు పాతదండి, మంత్రిగారి ముందు ఆగి ఆగి నడుస్తాది," అంది అనూరాధ.

"ఇదే ఖాయం. ఆగకండా సూసుకో అమ్మా. అది ఆగితే నీ కాంట్రాక్టూ ఆగుతాది," అన్నారు నగరేశ్వరరావుగారు ఎంతో వాత్సల్యంగా.

అనూరాధకు ఒళ్ళు మండింది, భయమూ వేసింది. గేముల తయారీ శిక్షణ ప్రారంభోత్సవం నాడు అందరికంటే ముందొచ్చి, సీపీయూలో చిన్న కార్డు బిగించి, పెద్దదాన్ని బీరువాలో దాచేసింది.

మంత్రిగారు స్క్రీను మీద కారు తోలారు. కారు ఎక్కడా ఆగలేదు. రెండుసార్లు గోడకు గుద్దినా చప్పట్లూ ఆగలేదు. ఇదంతా మూడు ఫ్యాన్ల మహిమేనని నరసింగరావుగారు చెవిలో వేశారు.

"ఏదీ, ఆ కార్డుని ఓపాలి సూపించండి. పువ్వెడదాం," అన్నారు మంత్రిగారు ముచ్చటపడి.

సీపీయూ మూత తీశారు. కార్డు మీద ఒక్కటే ఫ్యాను తిరుగుతోంది. అనూరాధ వెళ్ళి బీరువాకు అడ్డంగా నిలబడింది. నగరేశ్వరరావుగారు కళ్ళజోడు సర్దుకుని, వంగి, చాలాసేపు పరిశీలించారు.

"రెండు ఫేన్లు ఎవులో ఎత్తుకుపోనారు," అని తేల్చారు.

"రెండు పోయినా ఇలాగ పరిగెట్టిందంటే సూడండి మరి," అన్నారు నరసింగరావుగారు. మంత్రిగారు అక్కడికక్కడే మూడు ఫ్యాన్ల కార్డులే మరో నలభై కొనమన్నారు.

వారం తిరక్కుండా అనూరాధకు రెండు కాగితాలు వచ్చాయి. ఒకటి రెండు ఫ్యాన్ల చోరీపై సంజాయిషీ కోరే మెమో. రెండోది, ఆ ఫ్యాన్లు దొరికి విచారణ ముగిసేవరకు ఆమెను విధుల నుంచి తప్పించరాదని, కాంట్రాక్టు అంతవరకు పొడిగించడమైనదని ఉత్తర్వు. కింద నగరేశ్వరరావుగారి సంతకం.

ఆమె రెండూ ఫైల్లో పెట్టుకుంది. బీరువా తెరిచి, పెద్ద కార్డు మీది దుమ్ము తుడిచి, మళ్ళీ జాగ్రత్తగా తాళం వేసింది.