రక్తదాత అరచేతుల రంగు

నిప్పును కనుగొన్న తరువాత మానవజాతి వేసిన అతిపెద్ద అడుగు, నిజామాబాద్‌లో ఒక రక్తకేంద్రం నాణ్యతాధికారిని నియమించుకోవడం. (కేంద్రం పేరు రాయడానికి అనుమతి ఫారం ఇంకా రాలేదు.)

ఆ అధికారి దశరథం గారు. వచ్చిన వారంలోనే నియమం 14(గ) వెలువరించారు. కామెర్లున్నవారి రక్తం తీసుకోరాదు కాబట్టి, ఒంటి మీద పచ్చదనం కనిపిస్తే దాతను తిప్పి పంపాలి. ఆ పచ్చదనాన్ని అరచేతుల్లోనే చూడాలి. (కళ్లలో చూడటం పాత పద్ధతి. దానికి టార్చిలైటు కావాలి. టార్చిలైటు తనిఖీ బృందానికి చూపించడం కోసం బీరువాలో భద్రంగా ఉంది.)

నియమం ఎంత పకడ్బందీగా పనిచేసిందంటే, పసుపు కొమ్ములు ఉడికించే రోజులు వచ్చేసరికి జిల్లాలో సగం మందికి కామెర్లు తేలాయి. దశరథం గారు పై అధికారులకు హెచ్చరిక రాశారు.

ఆ మంగళవారం వరుసలో రాజనర్సు నిలబడ్డాడు. మార్కెట్ యార్డులో పసుపు పాలిష్ పట్టే మనిషి. ఇరవై రెండేళ్ల పని అరచేతుల్లో ఇంకిపోయింది. పక్క వీధి ఆసుపత్రిలో అతని భార్య రేణుకమ్మకు పదకొండింటికి గర్భసంచి ఆపరేషన్. రక్తం ఒక బాటిల్ ఇస్తేనే ఒక బాటిల్ ఇస్తామన్నారు కేంద్రం వాళ్లు. అప్పటికే పది దాటింది.

ముందున్న రవీందర్ చేతులు సున్నం కొట్టిన గోడల్లా ఉన్నాయి. కళ్లు మాత్రం నిమ్మపండ్లు.

"అర్హులు," అన్నారు దశరథం గారు.

"రెండు దినాల సంది అన్నం సయిస్తలేదు సార్," అన్నాడు రవీందర్ నిజాయితీగా.

"ఆకలి నియమావళిలో లేదు."

తరువాత రాజనర్సు చేతులు చూశారు. "అనర్హులు."

"సారూ, గిది కామెర్లు గాదు. యార్డుల పని. నాలుగు సబ్బులరిగినా పోదు."

"కామెర్లున్నవాళ్లంతా అదే అంటారు."

"మీ ఇంట్ల కూరల గూడ గిదే ఏస్తరు గద! కూరకు గూడ కామెర్లేనా?"

(కూర దాత కాదు కాబట్టి నియమం వర్తించదని దశరథం గారు వివరించారు.)

"మరి గా అన్న కండ్లు సూడుండ్రి! గాయిన రక్తం ఎవలకెక్కిస్తరు సారూ?"

"కళ్లు కూడా నియమావళిలో లేవు."

రాజనర్సు ఫోన్ మోగింది. మరదలు కావ్య గొంతు గదంతా వినబడింది. "బావా, అక్కను లోపటికి తీస్కపోతుండ్రు. రక్తమేది?"

సూది గుచ్చే అంకిత లేచి వచ్చింది. రాజనర్సును కిటికీ దగ్గరికి తీసుకుపోయి, ఎండవైపు తిప్పి, కింది రెప్ప లాగి చూసింది. "కండ్లు తెల్లగున్నయ్. వచ్చి పండుకో అన్నా." రవీందర్ కళ్లు కూడా అలాగే చూసింది. "నువ్వు డాక్టర్ తానికి పో అన్నా. ఇయ్యాల్నే పో."

రాజనర్సు మంచమెక్కాడు. రేణుకమ్మకు సరిపోతుందని పొద్దున్నే పరీక్షించి పెట్టిన బాటిల్‌ను కావ్య పరుగున వచ్చి పట్టుకుపోయింది.

రేణుకమ్మ ఐదో రోజు నడిచి ఇంటికి వెళ్లింది. రవీందర్‌కు కామెర్లేనని డాక్టర్ తేల్చాడు. అర్హుడిని తిప్పి పంపి అనర్హుడి రక్తం తీసుకున్నందుకు అంకితకు మెమో అందింది. ఇలాంటి పొరపాటు మళ్లీ జరగకుండా, దాతల భద్రత దృష్ట్యా, ఆ కిటికీ మూయించి మేకులు కొట్టించారు.