కంబళయ్య చేపల గది

1971 మే పద్దెనిమిదో తేదీ, మంగళవారం. పొద్దున ఎనిమిది కాకముందే వడగాలి మొదలైంది. ఆకాశం ఈ చివర నుంచి ఆ చివర దాకా వెతికినా మబ్బు తునక లేదు. ఆ రోజున ఒక పెద్ద అడవిలో ఒక ఎలుగుబంటికి, తన ఇంట్లో చేపల గది ఉండాలని బుద్ధి పుట్టింది.

తేదీ దేనికయ్యా అంటారేమో. యుద్ధాలు మొదలైన తేదీలు మా చేత కాలేజీలో బట్టీ పట్టించారు. తెలివితక్కువ పనులు మొదలైన తేదీలు మాత్రం ఎవరూ చెప్పలేదు. చెప్పి ఉంటే కొన్నయినా తగ్గేవి.

ఎలుగుబంటి పేరు కంబళయ్య. అడవి పంచాయతీకి అధ్యక్షుడు. ఎన్నికలో తనమీద ఎవరూ పోటీ చేయలేదు కాబట్టి తనంటే అందరికీ ప్రేమ అని నమ్మినవాడు. పోటీకి నిలబడబోయిన కుందేలు ఏమైందన్నది వేరే కథ. చాలా చిన్న కథ.

ముందురోజు బెల్లం కోసం అడవి అంచున ఉన్న సర్కారు బంగళా దాకా వెళ్లి, కిటికీలోంచి తొంగి చూశాడు. లోపల ఒక ఆఫీసరు కాళ్లు బల్లమీద పెట్టుకుని, గాజు తొట్టిలో చేపల్ని చూస్తూ కూచున్నాడు. ఏ పనీ చెయ్యడం లేదు. అయినా వచ్చినవాడల్లా వంగి నమస్కారం పెట్టి పోతున్నాడు. మహిమంతా ఆ తొట్టిలోనే ఉందని కంబళయ్య తేల్చుకున్నాడు. మనుషుల్లోనూ ఇలాంటివాళ్లున్నారు. పెద్దవాడి చేతికర్ర చూసి, అలాంటిది ఒకటి కొంటే చాలనుకుంటారు.

సలహాకు నక్కను పిలిపించాడు. నక్క పేరు పాపారావు. అడవిలో ఏ పనికైనా సలహాదారు అతనే. సొంత గుహ లేదు. ఎవరి గుహ ఎంత బాగుంటుందో మాత్రం బాగా తెలుసు.

"అయిదు తొట్లు కావాలోయ్," అన్నాడు కంబళయ్య. "గోడ పొడుగునా వరసగా పెట్టిద్దాం. తూర్పడవి పులి వచ్చి చూసి నోరు తెరవాలి."

"పులి నోరు తెరవడం మాట తరవాత. ఖజానాలో ఏముందండీ?"

ఖజానా అంటే తేనె. ఆ తేనె అంతా వసంతోత్సవానికి స్వాగత ద్వారాలు కట్టించడంలో అయిపోయింది. అతిథులేమో వేరే దారిన వచ్చారు.

"మైనం మిగిలింది," అన్నాడు కంబళయ్య.

"మైనంతో అయిదు తొట్లా?" పాపారావు కళ్లు మూసుకున్నాడు. సలహాదారు కళ్లు మూసుకుంటే ఆలోచిస్తున్నట్టు లెక్క. "మూడు చేద్దామండీ. మూడెందుకు, ఒకటే పెద్దది చేద్దాం. అసలు అయ్యా, గదిలో తొట్టి కట్టడమెందుకు? గదినే తొట్టి చేసేస్తే పోలా? గోడలున్నాయి, కప్పుంది, నేల ఉంది. గుమ్మానికి ఒక్క అద్దం బిగిస్తే సరి."

కంబళయ్య ఆ పొదుపుకు మురిసిపోయాడు. కాసేపటికి ఒక అనుమానం వచ్చింది.

"మరి నేనెక్కడుండాలి?"

"గుమ్మం బయటండీ. చూసేవాడెప్పుడూ బయటే కదా ఉండేది."

ఇక్కడ ఆ అడవి కట్టుబాటు ఒకటి చెప్పకపోతే కథ నడవదు. తొలకరి మొదటి చినుకు పడే వేళకు ఏ గుహలో ఎవరుంటే, ఆ గుహ ఆ ఏడాదికి వాళ్లది. వెనక ఎప్పుడో ఖాళీ గుహల కోసం కొట్లాటలు జరక్కుండా పెట్టుకున్న ఏర్పాటు. జూన్ దగ్గరపడితే ఆ అడవిలో ఎవరూ ఇల్లు కదలరు. పెళ్లిళ్లకు మొగుడు వెళితే పెళ్లాం ఉంటుంది. చావులకైతే ఇద్దరూ వెళ్లరు.

ఈ కట్టుబాటుకు కంబళయ్య పెద్ద కాపరి. కిందటేడు, అతని గుహను ఆనుకుని వెనక ఒక బొరియలో సూరమ్మ అనే ముళ్లపంది ఉండేది. మొగుడు పోయినావిడ. దుంపల కోసం గట్టు దిగినప్పుడు మొదటి చినుకు పడింది. ఆవిడ పరుగెత్తుకొచ్చేసరికి, మధ్య గోడకు కన్నం పొడిచి, ఆ కన్నంలోంచి బొరియలోకి ఒక కాలు చాపి కూచున్నాడు కంబళయ్య.

"కాలు లోపలుంటే నేను లోపలున్నట్టే. రూలు రూలే అమ్మా," అన్నాడు.

సూరమ్మ అప్పటి నుంచి ఎదురు పొదలో ఉంటోంది. ఏడవలేదు. రోజూ గుహకేసి చూస్తూ ఉంటుంది, అంతే. చేపల గది సంగతి తెలిసిన రోజున మాత్రం చాలా కాలానికి కడుపునిండా తిన్నది.

"వాన పడేలోపల నా గుహలో నేనుండాలి," అన్నాడు కంబళయ్య పాపారావుతో. అతను మరీ అంత తెలివితక్కువవాడు కాదు. తెలివితక్కువవాళ్లు ఎవరూ మరీ అంత తెలివితక్కువవాళ్లు కారు. అదే వాళ్లతో చిక్కు.

"వెనక గోడకు బిరడా పెట్టిస్తానండీ. లాగితే ఒక్క పూటలో నీళ్లన్నీ పోతాయి. మబ్బు కనపడగానే లాగేద్దాం. ఆ వెనక బొరియ మాత్రం ఖాళీగా ఉంచాలి. నీళ్లకు పైన ఆ కన్నంలోంచి చేపలకు గాలాడాలిగా." అని, పాపారావు ఆ బొరియలోకి దూరి, బయటికొచ్చి, తృప్తిగా ఒళ్లు దులుపుకున్నాడు.

పని మొదలైంది. బంగళా ఆఫీసరు బదిలీ అయి తొట్టి పట్టుకుపోయాడు. మిగిలిన కిటికీ అద్దాన్ని కోతులు ఊడదీసుకొచ్చాయి. దాన్ని గుమ్మానికి నిలబెట్టి, పైన జానెడు సందు వదిలి, చుట్టూ మైనం మెత్తాయి. గట్టుమీది మడుగు నుంచి గుహలోకి అడవిపందులు కాలువ తవ్వాయి. కాలువ నీళ్లతోపాటు మడుగులో ఉన్నవాళ్లంతా గుహలోకి వచ్చిపడ్డారు.

ఖర్చు తగ్గించాలని రాళ్లు తగ్గించారు, నాచు తగ్గించారు. శంకుస్థాపన విందు, అద్దం విందు, కాలువ విందు మాత్రం తగ్గించలేదు. పాపారావు ప్రతి విందులోనూ మొదటి పంక్తిలో కూచున్నాడు.

చేపల యోగక్షేమాలకు ఒక అధికారి ఉండాలన్నారు. అనుభవం ఉన్నవాడు కావాలి గనక కొంగను వేశారు. కొంగ పేరు ధవళేశం. అద్దం పైఅంచున నిలబడి, సందులోంచి ముక్కు లోపలికి పెట్టి, రోజూ తనిఖీ చేసేవాడు.

"పిల్లలు తగ్గుతున్నాయేమిటయ్యా?" అని కంబళయ్య ఒకసారి అడిగాడు.

"బలహీనమైన వాటిని వేరు చేస్తున్నానండి," అన్నాడు ధవళేశం మింగుతూ.

ఆ చేపల్లో మంగతాయి అని ఒక మట్టగిడస ఉంది. మట్టగిడస గాలి పీల్చే చేప, పైకి వచ్చి ఒక గుటక గాలి మింగి పోతుంది. ఎండిన మడుగులోనూ బురదలో పడుకుని వానదాకా బతుకుతుంది. గంపెడు పిల్లల్ని వెంటేసుకుని, కొంగ అటుంటే ఇటు, ఇటుంటే అటు తిప్పుతూ ఉండేది. పైకి వచ్చినప్పుడల్లా కంబళయ్యను పలకరించేది.

"అయ్యా, ఎండలో కూచున్నారేం?"

"మిమ్మల్ని చూద్దామని."

"మేం ఇంతకుముందు గట్టుమీదే ఉన్నాం కదండీ. అప్పుడు చూళ్లేదేం?"

కంబళయ్య మొహం పక్కకు తిప్పుకున్నాడు. అధ్యక్షుడు చేపతో వాదించడం మర్యాద కాదు.

చూడ్డానికి జనం వచ్చారు. నమస్కారాలు పెట్టారు. కంబళయ్య బండమీద కాళ్లు చాపుకుని కూచుని అందుకున్నాడు. పగలు ఎండ మాడ్చేది, వీపు చర్మం పగిలింది. లోపల చేపలు చల్లగా తిరుగుతుంటే చూసి ఓర్చుకున్నాడు. గొప్పతనం అంటే ఇలాగే ఉంటుందనుకున్నాడు.

జూన్ వచ్చింది. ఒక సాయంత్రం పడమట నల్లగా కమ్మింది.

"అధ్యక్షా," అంది సూరమ్మ పొదలోంచి. "చీమలు గుడ్లు మోసుకుపోతున్నాయి."

"నాకు తెలుసు."

"నాకూ తెలుసనుకోండి. నిరుడు నేనూ చూశాను. దుంపలు ఇంకో రెండు తవ్వుకుందామని ఆగాను."

కంబళయ్య లేచి పాపారావును కేకేశాడు. "బిరడా లాగెయ్యవోయ్."

"లాగేద్దును గానండీ, ఇప్పుడే కబురొచ్చింది. రేపు పులిగారు వస్తున్నారు. తమరి చేపల గది చూడ్డానికే అంత దూరం నుంచి బయల్దేరారు. వచ్చి తడి గోడలు చూస్తారా? ఒక్క రోజు."

కంబళయ్య మబ్బు చూశాడు. గుహ చూశాడు. ఆ గుహలో అతని తాత పుట్టాడు, తండ్రి పోయాడు. ఆ చలువ నేల, మూలన తన ఒంటికి సరిపడా అరిగిన పల్లం, అన్నీ నీళ్లకింద కనపడుతున్నాయి. కాసేపు నిజంగానే ఊగిసలాడాడు.

"ఒక్క రోజేగా," అన్నాడు చివరికి.

మర్నాడు పులి వచ్చింది. అడవి అంతా చుట్టూ చేరింది. పాపారావు పక్కన నిలబడి నిర్మాణ వైభవం వర్ణించాడు. పులి అద్దానికి ముక్కు ఆనించి చాలాసేపు చూసింది.

"తినేముందు ఇలా చూడాలా?" అని అడిగింది.

"తినమండీ. చూస్తాం."

"ఊరికేనా?"

"ఊరికేనండీ."

పులికి అర్థం కాలేదు. "సరే. నువ్వు పడుకునేదెక్కడ?"

"ఇక్కడేనండీ. గాలి బాగా వస్తుంది," అన్నాడు కంబళయ్య.

అప్పుడు ఉరిమింది. పాపారావు వర్ణన మధ్యలో ఆపి, గట్టు చుట్టూ తిరిగి వెనక్కి పరుగెత్తాడు. కంబళయ్య అద్దం మీదికి చెయ్యెత్తాడు. ఒక్క దెబ్బ వేస్తే పగులుతుంది, లోపలికి దూకొచ్చు. కాని పులి చూస్తోంది. నీళ్లు వచ్చి పులిగారి కాళ్లు తడుస్తాయి. చేపల గది చూపించబోయి చేపల్ని పులి కాళ్లకింద పోసిన అధ్యక్షుడని నవ్వుతారు. ఎత్తిన చెయ్యి అలాగే ఉంది. మొదటి చినుకు వచ్చి అతని ముక్కుమీద పడింది.

సూరమ్మ, "రూలు రూలే," అంది, తనలో తను అనుకుంటున్నట్టు.

అక్కడికక్కడే పంచాయతీ కూర్చుంది. అధ్యక్షుడి గొడవ గనక ఉపాధ్యక్షుడు గంగులు పీఠమెక్కాడు. గంగులు అడవిదున్న. ఆ పీఠం ఎక్కే రోజు కోసమే చాలా ఏళ్లుగా నెమరు వేస్తున్నవాడు.

"అందులో మా తాత పుట్టాడు," అన్నాడు కంబళయ్య.

"చినుకు పడ్డప్పుడు తమరు ఎక్కడున్నారు?"

"నా గుమ్మంలో."

"గుమ్మం బయట. లోపల ఎవరున్నారు?"

వెనక నుంచి మూలుగు వినపడింది. అందరూ వెళ్లి చూశారు. బొరియలో పాపారావు సగం దూరి ఇరుక్కున్నాడు. మేలో చూసుకున్నప్పుడు సరిపోయిన బొరియే. విందుల సంగతి మరిచిపోయాడు. తల లోపల, తోక వానలో.

"నేను లోపలున్నాను," అంది లోపలి నుంచి గొంతు. "నిరుడు అధ్యక్షులవారి కాలు ఒక్కటి ఉంటేనే చెల్లింది. నాది సగం ఉంది. గుహ నాది."

కంబళయ్యకు అప్పటికి అర్థమైంది. బిరడా, బొరియ, గాలి, ఒక్క రోజు, అన్నీ. ఆ తోకను చూస్తూ నిలబడ్డాడు.

"నిరుడు బొరియలో ఇంకెవరూ లేరు," అన్నాడు గంగులు. "ఈ ఏడు గుహ నిండా ఉన్నారు. వాళ్లు మొత్తంగా ఉన్నారు, నువ్వు సగం ఉన్నావు. గుహ చేపలది."

మంగతాయి పైకి వచ్చి గాలి మింగి, సంగతంతా విన్నది.

"మాకు పిల్లలు ఎదిగేదాకా ఉంటే చాలండీ. మా నీళ్లు ఆ బొరియదాకా ఎక్కవు. ఆ ఇరుక్కున్నాయన్ని లాగేస్తే, సూరమ్మగారిని అందులో ఉండమనండి. పగలు మాత్రం కాస్త అద్దం పైన కూచోవాలి. కొంగగారు తనిఖీకి వస్తే ముళ్లు విప్పితే చాలు."

"మరి నేను?" అన్నాడు కంబళయ్య. వాన అతని వెంట్రుకల్లోంచి కారుతోంది.

"అద్దం బయట ఉండండయ్యా," అంది మంగతాయి ఆదరంగానే. "పిల్లలకు మీరంటే అలవాటైంది. రోజూ మిమ్మల్ని చూస్తే గాని నిద్రపోవు."

కంబళయ్య ఆ వానాకాలమంతా అద్దం బయటే గడిపాడు. లోపల పిల్లచేపలు వరసగా నిలబడి అతన్ని చూసేవి. నమస్కారాలు పెట్టేవాళ్లు ఇప్పుడు గంగులు దగ్గరికి పోతున్నారు. చలికాలంలో ఛాతీకి నెమ్ము పట్టి, కూచున్న బండమీదే పోయాడు.

పీఠం గంగులుకు దక్కింది. గుహ మంగతాయికి, ఆవిడ తరవాత ఆవిడ పిల్లలకు దక్కింది. బొరియ సూరమ్మకు తిరిగి వచ్చింది. ధవళేశానికి తనిఖీ ఉద్యోగం అలాగే ఉంది, తనిఖీ చేయడానికి మాత్రం వీల్లేదు. పాపారావు సగం బొచ్చు బొరియలో వదిలి తూర్పడవికి పోయాడు. అక్కడ పులికి తక్కువ ఖర్చులో జింకల గది కట్టిస్తున్నాడట. లోపలి కొలతలు తనే దగ్గరుండి చూస్తున్నాడని విన్నాం, ఆ తరవాత ఏమీ వినలేదు. కంబళయ్య మేనల్లుళ్లు ఇద్దరు దూరం నుంచి ఏడుస్తూ వచ్చి, అద్దం బయట నిలబడి లోపలికి చూశారు. వాళ్లకు ఏమీ దక్కలేదు.

నీతి: తక్కువ ఖర్చులో సొంత ఇల్లు కావాలనుకునేవాడు చేపగా పుట్టడం మంచిది.