పల్లీ మీద ఫిర్యాదు

సోమవారం పొద్దున తేజస్విని పెట్టుకున్న పని చిన్నదే. గినీ పందులకు కీర ముక్కలు వేసి, ఎనిమిదిన్నరకు గచ్చిబౌలి ఆఫీసు బస్సు ఎక్కాలి. బోను దగ్గరికి వెళ్తే, వాటిలో పల్లీ అనేది గుర్రుమంటూ, నడుము ఊపుకుంటూ రెండోదైన బఠాణీ చుట్టూ తిరుగుతోంది. బఠాణీ మూలకు నక్కింది. రెండూ ఒక్క ఈతలో పుట్టిన అన్నదమ్ములే.

తేజస్విని హెచ్‌ఆర్‌లో మేనేజరు. వేధింపుల ఫిర్యాదు వస్తే ముందు ఇద్దరి సీట్లూ వేరు చేయడం ఆమె ఆఫీసు పద్ధతి. బఠాణీ ఫిర్యాదు చేయలేదు, నిజమే. భయపడినవాళ్ళు చేయరని ఆమె పదేళ్ళ అనుభవం. పల్లీని అట్టపెట్టెలో పెట్టి పక్కగదికి బదిలీ చేసేసింది.

ఇంటినుంచే పనిచేసే భర్త లోహిత్‌కు ఒళ్ళు మండింది. పల్లీని ఏరికోరి తెచ్చుకున్నది అతనే.

"దాని మాట వినకుండానే శిక్షా?"

"శిక్ష కాదు. విచారణ అయ్యేదాకా జాగ్రత్త."

"మీ హెచ్‌ఆర్ వాళ్ళంతా ఇంతే" అని అతను లాప్‌టాప్ పట్టుకుని పల్లీ గదికి మకాం మార్చాడు. ఆ మాట తేజస్వినికి గట్టిగానే తగిలింది. ఆ పూట నుంచి భోజనాలు కూడా వేరే.

సాయంత్రమైనా బఠాణీ కీర ముట్టలేదు. మనసుకు దెబ్బ తగిలిందనుకుని తేజస్విని తోడుగా గుడ్డబొమ్మ పెట్టింది. బఠాణీ బొమ్మకు వీపు తిప్పి గోడవైపు కూర్చుంది. మంగళవారం పొద్దుటికి, రాత్రి వేసిన కొత్తిమీరా అలాగే ఉంది. ఇవి ఒక్కరోజు తినకపోయినా ప్రాణం మీదికొస్తుందని, వెంటనే తీసుకురమ్మని పశువుల డాక్టరు ఫోన్లో చెప్పాడు. తేజస్వినికి ఏడుపొచ్చేసింది.

అప్పుడే లింగంపల్లి నుంచి పనికి వచ్చిన నాగేశ్వరి సంగతంతా విన్నది.

"మా మ్యాకలు గూడ గిట్లనే చేస్తయమ్మా. ఎవరు పెద్దనో తేల్చుకుంటయి. నడుమ మనమెందుకు?"

అంటూనే పక్కగదిలోంచి పల్లీని తెచ్చి బోనులో వదిలింది. పల్లీ మళ్ళీ గుర్రుమంది, నడుము ఊపింది. తేజస్విని చెయ్యి పెట్టబోతే నాగేశ్వరి పట్టుకుని ఆపింది. బఠాణీ తల దించి కాస్త జరిగింది. మరుక్షణం రెండూ ఒకదానికొకటి ఒరిగి కూర్చున్నాయి. పల్లీ కొత్తిమీర కాడ కొరకబోతే, బఠాణీ దాని నోట్లోంచి లాక్కుని నమిలేసింది. పల్లీ కూడా ఫిర్యాదు చేయలేదు. తేజస్వినికి ప్రాణం లేచొచ్చింది.

నాగేశ్వరి పక్కగది వైపు చూసింది. "సారును గూడ తెచ్చి ఈడ కూసోబెట్టాల్నా అమ్మా?"

లోహిత్ తనే వచ్చాడు. కీర ముక్క పట్టుకుని సోఫాలో కూర్చున్న తేజస్విని జరిగి చోటిచ్చింది. అతను కాసేపు గుర్రుమని, ఆమె చేతిలోని కీర ముక్క లాక్కుని తిన్నాడు.